దులిపితే ఆగే మిషను

గోడ అవతల "టప్"మంది. ఆ వెంటనే పొడి లాగే ఫ్యాను గొంతు సన్నబడి, మూలిగి, ఆగిపోయింది. బావ చేతిలో చెక్కను నునుపు చేసే సాండర్ మాత్రం తిరుగుతూనే ఉంది. బీరువా తలుపు అంచు మీద నుంచి లేచిన పొడి, లాగేవాళ్లు లేక, మెల్లగా ఆయన గడ్డం దాకా వచ్చి అక్కడే నిలబడింది.

"బావా, బంద్ చెయ్."

"ఒక్క అంచు, బామ్మర్ది. అయిపోతది."

"అంచు సంగతి తర్వాత. అక్కొచ్చే టైమైంది. గిట్ల సూసిందంటే మనమే అయిపోతం."

ఆ మాటకు సాండర్ ఆగింది. ఆయన మాస్కు కిందికి లాగి, గట్టిగా దగ్గి, అసలు దగ్గనట్టే మొహం పెట్టాడు. నేను గోడ వెనక్కి వెళ్లి మోటారు పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అది చల్లారితేగాని మళ్లీ నడవదు. పెళ్లింట్లో అలిగిన అల్లుడి గది ముందు కూర్చునేవాళ్లు గుర్తొచ్చారు. కాకపోతే ఆ అల్లుడికి ఏం కావాలో ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది.

మాది నాచారంలో ఫ్యాక్టరీల మధ్య ఒక సందు చివర ఉన్న రేకుల షెడ్డు. ఒకవైపు అట్టపెట్టెలు చేసేవాళ్లు, మరోవైపు ఎప్పుడూ షట్టరు సగం దించి ఉండే గోదాము. మేం చేసేవి బీరువాలు, వంటింటి అల్మారాలు, టీవీ వెనక పెట్టే పలకలు. పోచారం వైపు అపార్టుమెంట్లు లేస్తున్నప్పటి నుంచి పనికి కొదవ లేదు. చెక్కపని మా అక్క భర్తది. సరుకు కొనడం, బేరాలాడటం, పార్టీలతో మాట్లాడటం, ఆలస్యానికి నమ్మదగిన కారణాలు చెప్పడం నా వంతు. ఉప్పల్లో నాన్న పెట్టిన కిరాణా దుకాణాన్ని, నాన్న పోయాక, అక్కే నడుపుతోంది. ఇద్దరం ఆ కౌంటరు వెనకే పెరిగాం. పప్పు తూచడం ఆమెకు వచ్చింది, నోరు నాకు వచ్చింది.

ఆ వానాకాలంలో బావ దగ్గు మామూలు దగ్గులా లేదు. మెట్లెక్కితే గొంతులో పిల్లికూత. ఏఎస్ రావు నగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఆయన బావ చేత ఒక గొట్టంలోకి ఊదించి, కాగితం మీద గీత చూసి, చెప్పాల్సిందంతా బావకు కాకుండా అక్కకు చెప్పాడు. ఇప్పుడైతే మందులతో అదుపులో ఉంటుందన్నాడు. మాస్కు ఒక్కటే చాలదనీ, పొడి పుట్టిన చోటే దాన్ని లాగేసే ఏర్పాటు ఉండాలనీ, లేదంటే పని మానేయాలనీ అన్నాడు. ఇలాగే ఇంకొన్నేళ్లు పోతే తన చేతిలో ఏమీ ఉండదన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆటో ఉప్పల్ చేరింది. ఫ్లైఓవరు స్తంభాల మధ్య ట్రాఫిక్కులో ఆగినప్పుడు అక్క అంది, "దసరా దాక సూస్త. పొడి ఆగిందా, మంచిది. ఆగలేదనుకో, ఈయన వచ్చి నా దుకాణంల కూసుంటడు."

కూర్చుంటే ఏమవుతుందో మాకు తెలుసు. మందులు మొదలుపెట్టిన వారం ఆయన్ని కౌంటరు దగ్గర కూర్చోబెట్టి చూశాం. ఒకామె వచ్చి కిలో చక్కెర అడిగితే, అలవాటు కొద్దీ "రేపు సాయంత్రం తీస్కపోండి" అన్నాడు. మిగతా సమయమంతా పొట్లం కాగితాల వెనక అల్మారాలు గీశాడు, కౌంటరు అంచుకు లేచిన పెచ్చును గోటితో గీకుతూ కూర్చున్నాడు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. దగ్గు కొంచెం తగ్గింది. మనిషీ కొంచెం తగ్గాడు. అక్కకు ఆ రెండూ కనిపించాయి. అందుకే వెంటనే మాన్పించకుండా, దసరా దాకా ఇచ్చిన గడువును అలాగే ఉంచింది.

మిషను కొనే పని నాది కదా. మల్లాపూర్ వైపు పాత మిషన్లు అమ్మే ఒక యార్డు ఉంది. తుప్పు, గ్రీజు, వాటి మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో యజమాని. పొట్టు లాగే మిషను ఒకటి అక్కడ దొరికింది. దాని కథ పెద్దదేమీ కాదు. ఒకవైపు మోటారు, ఒకవైపు ఫ్యాను, రెంటినీ కలుపుతూ బెల్టు. ఫ్యాను గొట్టంలోంచి పొడిని లాగి పెద్ద గుడ్డసంచిలోకి కొడుతుంది. గాలి గుడ్డలోంచి బయటికి పోతుంది, పొడి లోపల మిగులుతుంది.

బేరం మొదలైంది. నేను రెండుసార్లు వెళ్లిపోయాను, ఆయన రెండుసార్లు వెనక్కి పిలిచాడు. మధ్యలో ఇద్దరం టీ తాగాం. చివరికి ఆయన తల పట్టుకుని, "అన్నా, నీతోని బేరం అంటే మత్తు సూది లేకుంట పన్ను పీకిచ్చుకున్నట్టే," అని ఒప్పుకున్నాడు. అక్కడితో లేచి రావాల్సింది. రాలేదు.

"కొసరేది?" అన్నాను.

"మిషన్‌కు కొసరేందన్నా? ఇవేమన్న బెండకాయలా?"

"బెండకాయలమ్మే అవ్వ గూడ రెండు ఎక్కువేస్తది. గింత పెద్ద యార్డు పెట్టుకున్నవ్, నీకేం తక్కువ."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, పక్కనున్న ఇనుప కుప్పలో చెయ్యి పెట్టి, బెల్టు తిరిగే చక్రం, కంచమంత పుల్లీ ఒకటి బయటికి లాగాడు. "ఇది తీస్కో. మోటారుకున్న చిన్న పుల్లీ తీసి ఇదెయ్యి. ఫ్యాను జోరుగ తిరుగుతది. గాలి మస్తు గుంజుతది."

"మరి చిన్నది?"

"అదెందుకింక నీకు?"

"మిషన్‌తోని వచ్చిందే గదా. అది గూడ నాదే."

ఆయన సరేనని చెయ్యి ఊపాడు. అక్కడే పెద్ద పుల్లీ బిగించి, బెల్టు సరిచేసి, మిషను నడిపి చూపించాడు. నేను గొట్టం దగ్గర రుమాలు పట్టుకుంటే చేతిలోంచి లాక్కుపోయింది. రుమాలు పోయినా గెలిచిన సంతోషంతో ఇంటికొచ్చాను. అసలు కంటే వడ్డీ ముద్దు అంటారు. మా ఇంట్లో కొసరు ముద్దు. చిన్న పుల్లీని కడిగి, షెడ్డులో దేవుడి పటం ముందు పెట్టాను. దానికున్న బోల్టు రంధ్రంలో అగరుబత్తి సరిగ్గా నిలబడేది.

షెడ్డులో గొట్టాన్ని రెండుగా చీల్చి, ఒకటి రంపానికి, ఒకటి సాండర్‌కు పెట్టాం. మిషను నడిచినంతసేపూ అద్భుతంగా నడిచింది. ఎటొచ్చీ కాసేపే నడిచేది. మోటారు తన శక్తికి మించి కరెంటు తాగితే అది కాలిపోకుండా స్టార్టర్ డబ్బాలో రిలే అని ఒక చిన్న సామాను ఉంటుంది. అది "టప్"మని లైను తెంపేస్తుంది. మాది రోజంతా టప్‌మంటూనే ఉంది. అది ఆగినప్పుడల్లా బావ తల చుట్టూ పొడి. ఆయన ఆగడు. ఆగమంటే మేడిపల్లి పార్టీ పేరు చెబుతాడు. మేడిపల్లిలో కొత్త ఇల్లు కట్టుకున్న బ్యాంకు ఉద్యోగి ఒకాయనకు బీరువాలన్నీ మేమే చేస్తున్నాం, గృహప్రవేశం దగ్గరపడింది.

మొదట సంచి మీద అనుమానం. నిండితే మోటారుకు భారమే కదా. విప్పి, తలకిందులు చేసి, కట్టెతో కొట్టి దులిపాను. నా చొక్కా, కనుబొమలు అన్నీ గోధుమరంగు. మళ్లీ బిగించి నడిపితే ఇంతకుముందు కంటే తొందరగా ఆగింది. సరిగా దులపలేదేమో అనుకుని ఇంకా గట్టిగా దులిపాను. ఇంకా తొందరగా ఆగింది. ఇక ఆ గుడ్డే పనికిరాదనుకుని కొత్త సంచి కుట్టించి తెచ్చాను. ఆ సంచితో బావ టీ తాగే లోపలే టప్‌మంది.

"కొత్త కోడలు," అన్నాడు బావ గ్లాసు కింద పెడుతూ. "అలవాటు కావాలె గదా."

నాకు నవ్వు రాలేదు. దసరా పూలమ్మేవాళ్లు ఉప్పల్ చౌరస్తాలో అప్పుడే తట్టలు దించుతున్నారు. వైరు సన్నగా ఉందేమోనని లావు వైరు వేయించాను. గొట్టం విప్పి, లోపల నా రుమాలు తప్ప ఏ అడ్డమూ లేదని తెలుసుకున్నాను. బెల్టు బిగించాను, వదులు చేశాను. ఒక దశలో నిమ్మకాయ కూడా కట్టాను. అది కూడా బేరమాడి తెచ్చిందే.

మా సందులోని షెడ్లన్నిటికీ కరెంటు పని చేసే అన్న ఒకాయన ఉన్నాడు. వచ్చి, డబ్బా తెరిచి, స్క్రూడ్రైవరు చెవి మీది నుంచి తీసి, "రిలే జర నాజూకుగ పెట్టిన్రు. పెంచుత," అన్నాడు.

"పెంచితే ఏమన్న అయితదా?"

"ఏమైతది? ఆగదు."

నాకు కావలసింది అదే మాట. రిలే మీద చిన్న తిరగలిలాంటి మరను ఆయన చివరిదాకా తిప్పేసి, ఇంకో షెడ్డులో ఎవరో పిలుస్తున్నారని వెళ్లిపోయాడు.

మిషను ఆగలేదు. సాండర్ నడుస్తోంది, పొడి లేచినట్టే లేచి గొట్టంలోకి మాయమవుతోంది. నేను షెడ్డు ముందు భాగంలో కూర్చుని, మేడిపల్లి పార్టీకి ఇవ్వాల్సిన తలుపులకు పిడులు ఏరుతున్నాను. అక్కకు ఫోను చేసి, "మిషను బాగైంది, నువ్వే వచ్చి సూస్కో," అని కూడా చెప్పేశాను. చెప్పి ఫోను పెట్టాక కొంతసేపటికి ముక్కుకు ఏదో తగిలింది. పక్కవాళ్ల జిగురు అనుకున్నాను. జిగురు వాసన పుల్లగా ఉంటుంది. ఇది వేరు. వార్నిషు పెనం మీద పోసినట్టు.

గోడ వెనక్కి పరుగెత్తాను. మోటారు మీద చెయ్యి పెట్టి, పెట్టినంత వేగంగా తీశాను. ఎర్ర బొత్తాం గుద్దాను. మోటారు పక్కనే, దాదాపు దాన్ని ఆనుకుని, మనిషెత్తు గుడ్డసంచి నిండా బియ్యప్పిండి కన్నా మెత్తటి చెక్కపొడి. ఒక్క నిప్పురవ్వ అందులో పడి ఉంటే, మంట బయటికి కనిపించేదాకా లోపల ఎంతసేపైనా రాజుకుంటూ ఉంటుంది. రేకుల కప్పు, పక్కనే అట్టపెట్టెల షెడ్డు, లోపల బావ.

"బావా, బయటికి రా. ఏదున్నా గట్లనే ఉండనియ్యి, రా."

ఆయన నా మొహం చూసి సాండర్ వదిలేసి వచ్చాడు. ఇద్దరం సంచిని చెరో వైపు పట్టుకున్నాం. ఎక్కడైనా వెచ్చగా తగులుతుందేమోనని నేను గుడ్డ మీద అరచెయ్యి జరుపుతూ నడిచాను. నా చెయ్యే మండుతోంది, దానికి వేడేదో గుడ్డేదో తెలియడం లేదు. వాకిట్లో సిమెంటు మీద కుమ్మరించాం. పొడి మబ్బులా లేచింది. బావ బకెట్టు తెచ్చి ఆ కుప్ప మీద పోసి, మళ్లీ నింపుకొచ్చి పోసి, కర్రతో కెలికి, ఇంకా పోశాడు. ఎక్కడా పొగ లేదు. ఎక్కడా నల్లబడలేదు. అప్పుడు ఆయనకు దగ్గు మొదలైంది. గోడకు చెయ్యి ఆనించి, వంగి, మాట్లాడటానికి ఊపిరి అందక, జేబు చూపించాడు. ఊపిరికి పీల్చే మందు తీసి చేతికిచ్చాను. పీల్చాడు. గోడకు అలాగే ఆనుకుని నిలబడ్డాడు.

తలెత్తి చూస్తే సందు మొదట్లో అక్క, చేతిలో టిఫిను డబ్బా.

ఆమె తడి కుప్పను చూసింది, తెరిచి ఉన్న సంచిని చూసింది, మొగుడిని చూసింది. డబ్బా కింద పెట్టి ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"ఏం కాలింది?"

"ఏం కాలలేదక్కా."

"తమ్మీ, దుకాణంల మాడిన పల్లీలు గోదాం కాడ ఉండంగనే పట్టిన ముక్కిది."

చెప్పాను. చెప్పక తప్పలేదు. రిలే పెంచడం, మోటారు వేడి, అన్నీ. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. బావను నీడలో కూర్చోబెట్టి, ఆయన ఊపిరి ఒక దారిన పడేదాకా పక్కనే ఉంది. తర్వాత నా వైపు తిరిగింది.

"పండుగ దాక ఆగుడు అవసరమా ఇంక?"

"ఒక్కసారి ఇను అక్కా," అని మొదలుపెట్టాను గానీ, ఏం వినమనాలో నాకే తెలియదు. నోరు నాకొచ్చింది అన్నాను కదా. ఆ రోజు అది కూడా మూతబడింది.

బావే మాట్లాడాడు. "గీ ఒక్క తలుపన్న కానియ్యి." అడుక్కుంటున్నట్టు లేదు. ఆమె మొహం వైపు కూడా చూడలేదు. షెడ్డులో బల్ల మీద పడుకోబెట్టిన తలుపునే చూస్తున్నాడు.

అక్క నన్ను అడగడం మొదలుపెట్టింది. దుకాణంలో సరుకు తక్కువ తూగిందని గొడవకు వచ్చినవాళ్లను అడిగే పద్ధతి అది. ఎప్పుడు, ఎట్ల, దానికి ముందేం చేశావు, దాని తర్వాతేం చేశావు.

"ఎప్పుడు జల్ది ఆగుతది?"

"దులిపినంక."

"దులపకపోతే?"

"నడుస్తది. కాని సరిగ గుంజదు, పొడి లేస్తది."

"కొత్త సంచేసినప్పుడు?"

"ఇంక జల్ది."

ఆమె తడి కుప్ప వైపు చూస్తూ ఆలోచించింది. "నాయిన కాంట కాడ ఎప్పుడు అలిసిపోయెటోడు?"

"పండుగల ముంగట. జనం మీద పడేటోళ్లు గదా."

"షట్టరు సగం దించినప్పుడు?"

"అప్పుడేముంది, స్టూలు మీద కునుకు తీసెటోడు."

"మరి ఆడ గిరాకి. ఈడ గాలి."

నేను మోటారు వైపు చూశాను. సంచి మురికిగా ఉంటే గాలికి దారి లేదు, షట్టరు సగం దించినట్టే. మోటారుకు పని తక్కువ. శుభ్రంగా దులిపితే దారి బార్లా తెరిచినట్టు. గాలంతా వచ్చి పడుతుంది, దాన్నంతా మోటారే తోయాలి. అడ్డం ఉంటే భారం అనుకుని నేను అడ్డాలు తీస్తూ పోయాను. తీసిన ప్రతిసారీ దాని నెత్తిన ఇంకో మూట పెట్టాను.

"నిజమేనా అది?" అన్నాడు బావ.

నిజమో కాదో తూచే మనిషి ఒక్కడే ఉన్నాడు. కరెంటు అన్నను మళ్లీ పిలిచాం. అక్కను చూడగానే ఆయన స్క్రూడ్రైవరు చెవి మీది నుంచి కిందికి దిగింది. మోటారు చల్లారాక, వైరు చుట్టూ పెట్టి కరెంటు ఎంత పోతోందో చూసే టాంగ్ టెస్టరు బయటికి తీశాడు. నేను గొట్టం మూతికి ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టాను. అంకె తగ్గింది. ముక్క తీశాను. అంకె పెరిగి, మోటారు మీది రేకు పలక మీద రాసి ఉన్న హద్దు దాటి, అక్కడే నిలబడింది. మళ్లీ పెట్టాను, తీశాను. ప్రతిసారీ అంతే.

"మూస్తే పెరగాలె గదా," అన్నాడాయన తల గోక్కుంటూ.

"నేను గూడ అట్లనే అనుకున్న," అన్నాను. ఇద్దరు తెలివైనవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"సరే, గాలొస్తే బరువు పెరుగుతది," అంది అక్క. "కాని దులిపిన సంచితోని నడవనికే గదా మిషన్ చేసింది. చేసినోనికి గా మాత్రం తెల్వదా? ఈ మోటారుకు మోయలేనంత గాలి ఎందుకొస్తున్నట్టు?"

బావ నీడలోంచి లేచి వచ్చి, మోటారు ముందు గొంతుక్కూర్చున్నాడు. బెల్టును వేలితో ముట్టుకుని, బెల్టు వెంట వేలు జరుపుతూ పుల్లీ దగ్గర ఆగాడు. కంచమంత పుల్లీ.

"బామ్మర్ది, ఇది మిషన్‌తోనే వచ్చిందా?"

నా నోటెంట మాట రాకముందే అక్కకు అర్థమైపోయింది. నేను పుట్టినప్పటి నుంచి నన్ను చూస్తోంది.

"కొసరా?"

తలూపాను.

మా దుకాణంలో కొసరు ఎట్లా ఇవ్వాలో నాన్న మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. పిల్లలకైతే బెల్లం ముక్క. పెద్దవాళ్లు పట్టుబడితే మాత్రం, షాపులో కదలని సరుకేదో అది. పురుగు పట్టబోయే శనగలు, ఎవరూ కొనని సబ్బు. అడిగినవాడు గెలిచానని పోతాడు, మనకు అర ఖాళీ అవుతుంది. ఈ విద్య కౌంటరుకు ఇటువైపు నిలబడి ఎన్నేళ్లు చేశానో నాకే గుర్తులేదు. అటువైపు నిలబడ్డాక మాత్రం, ఆ యార్డులో ఎవరికీ పనికిరాక తుప్పుపట్టిన ఇనుమును రొమ్ము విరుచుకుని మోసుకొచ్చాను.

"కొసరిచ్చెటోళ్ల ఇంట్ల పుట్టి..." అంది అక్క, వాక్యం పూర్తి చేయలేదు.

"దులపకుంట వాడుకుంటే నడుస్తది గదా," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే చిత్రంగా ఉంటుంది. అంత జరిగాక కూడా గెలిచిన పుల్లీని వదలబుద్ధి కాలేదు. "సగం మూసి..."

అక్క టిఫిను డబ్బా మూత తీసి, కొంగుతో అద్దంలా తుడిచింది. బావ పనిచేసే బల్ల మీద, ఆయన మొహం ఉండే చోటుకు దగ్గరగా పెట్టింది. "నీ ముచ్చట్లు నాకొద్దు. ఏ పుల్లీ ఏస్తవో, ఎంత మూస్తవో నీ ఇష్టం. తలుపు పనంతా అయినంక ఈ మూత మీద ఏలు పెట్టి సూస్త. ఏలికి పొడి అంటిందా, ఈయన నా ఎంట ఇప్పుడే వస్తడు. పండుగ గిండుగ లేదు."

దేవుడి ముందు అగరుబత్తి అప్పటికే ఆరిపోయింది. చిన్న పుల్లీలోంచి పుల్ల తీసి, బూడిద తుడిచాను. కరెంటు అన్న పెద్దదాన్ని ఊడదీసి, చిన్నది ఎక్కించి, మోటారును జరిపి బెల్టు బిగించాడు. రిలేను మోటారు పలక మీద రాసి ఉన్న చోటికి వెనక్కి తిప్పాడు. శుభ్రమైన సంచితో నడిపి టాంగ్ టెస్టరు పెట్టాడు. అంకె హద్దుకు లోపలే ఉంది. గాలి మాత్రం మునుపటంత లేదు. నా కొత్త రుమాలు గొట్టం మూతికి అతుక్కుని ఊరుకుంది, లోపలికి పోలేదు.

"రెండు గొట్టాలకు సరిపోదు," అన్నాడాయన. "రంపం నడిచినప్పుడు రంపం, సాండర్ నడిచినప్పుడు సాండర్. ఒకటి తెరిస్తే ఒకటి మూసుకోవాలె."

అంటే పని సగం వేగం. నేను నోరు తెరిచేలోగా బావ రంపం వైపు గొట్టాన్ని మూసేశాడు.

సాండర్ మొదలైంది. అక్క ప్లైవుడ్ షీట్ల దొంతర మీద కూర్చుంది. నేను మోటారు మీద అరచెయ్యి ఉంచి నిలబడ్డాను. కప్పులో ఒకచోట ఇనుప రేకు బదులు ప్లాస్టిక్ రేకు ఉంది. మధ్యాహ్నం దాటాక అందులోంచి ఎండ సరిగ్గా బావ బల్ల మీద పడుతుంది. మామూలుగా ఆ ఎండలో పొడి సుడులు తిరుగుతూ కనిపించేది. అక్క కళ్లు ఆ ఎండ మీదే ఉన్నాయి, నా చెవులు ఫ్యాను మీద ఉన్నాయి. ఇంతకుముందు ఆగే సమయం వచ్చింది, దాటింది. మోటారు వెచ్చబడింది. ఇంకొంచెం వెచ్చబడింది. చెయ్యి తీయాలనిపించేంత కాదు.

మధ్యలో మేడిపల్లి ఆయన ఫోను. గోదావరి వైపు మనిషి, మాటలో ఎప్పుడూ మర్యాద తగ్గదు.

"ఏవండీ, మన బీరువాలు ఎంతవరకూ వచ్చాయండీ? మా ఆవిడ రోజూ అడుగుతోందండీ."

మామూలుగా అయితే ఎల్లుండి అనేవాణ్ణి. ఎల్లుండి అన్నది మా వ్యాపారంలో రోజు పేరు కాదు. "సార్, ఆలస్యమైతది. గృహప్రవేశానికి వంటిల్లు, ఒక బీరువా ఇస్త. మిగతావి తర్వాతనే. మనిషి పాణం బాగలేదు, మెల్లగ చేస్తున్నం."

"అలాగాండీ. అయితే ఆలస్యానికి మరి మాకేమైనా కలిపిస్తారేంటండీ? ఓ చిన్న చెప్పుల స్టాండో, ఏదో..."

నా కాళ్ల దగ్గర కంచమంత పుల్లీ పడి ఉంది. "కలిపిచ్చుడు మానేసినం సార్," అన్నాను. ఆ క్షణంలో ఫ్యాను గొంతు ఒక్కసారిగా కిందికి జారింది. పక్క సందులో ఏదో పెద్ద మిషను మొదలుపెట్టినట్టున్నారు, లైట్లు మసకబారాయి. ఫోను చెవికి ఉన్నదన్న మాటే మర్చిపోయాను. అక్క లేచి నిలబడింది. బావ వెనక్కి తిరగకపోయినా ఆయన మోచెయ్యి ఆగడం కనిపించింది. టప్‌మనే చప్పుడు కోసం ముగ్గురం ఎదురుచూశాం. ఫ్యాను మూలిగి, తేరుకుని, మళ్లీ తన గొంతు అందుకుంది.

"ఏంటండీ ఆ మోత?" అంటున్నాడు ఫోనులో ఆయన.

"రానియ్యండి సార్. అది వస్తేనే మీ పనైతది."

తలుపు రెండు వైపులా అయింది. అంచులయ్యాయి. బావ సాండర్ ఆపి, మాస్కు తీయకుండా పక్కకు జరిగి నిలబడ్డాడు, పరీక్ష కాగితం ఇచ్చేసిన పిల్లాడిలా. అక్క వచ్చి మూతను ఎండలోకి వంచి చూసింది. చూపుడువేలు మధ్యలో పెట్టి అంచు దాకా లాగింది. వేలిని కళ్ల దగ్గర పెట్టుకుంది. బొటనవేలితో రుద్దింది. నా చెయ్యి ఇంకా మోటారు మీదే ఉంది. ఎందుకుందో నాకు తెలియదు.

"అస్సలు లేదని అనను," అంది.

వేలిని ఇంకోసారి ఎండలోకి పెట్టి చూసింది.

"చపాతి కర్రకు అంటినంత గూడ లేదు." ఆ వేలిని బావ చొక్కాకు తుడిచింది. "ఒక్క మిషనే నడవాలె. రెండోది తెరిచినట్టు తెలిస్తే తాళం నేనే ఏస్త. మందు జేబుల ఉండాలె. నెలకోసారి డాక్టర్ కాడికి పోవాలె, వానొచ్చినా సరే, ఈ తమ్ముడు ఎన్ని ముచ్చట్లు చెప్పినా సరే. ఇయ్యాల్టికి ఉండు."

"ఇయ్యాల్టికేనా?" అన్నాడు బావ.

"రేపటిది రేపు సూస్త. మూత ఈడనే ఉంటది."

నిజంగానే మూతను మళ్లీ తుడిచి, అదే చోట బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టింది. మూత లేని డబ్బాలో అన్నం బావ ముందుకు జరిపింది. ఆయన మాస్కు తీసి, చేతులు కడుక్కుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, దగ్గాడు. ఒక్కసారే. అక్కా నేనూ ఒకేసారి ఆయన వైపు తిరిగాం.

"ఏంది," అన్నాడు బావ ముద్ద మింగి. "కారం ఎక్కువైంది. దానికి గూడ మీకు జెప్పి దగ్గాల్నా?"